నీటి క్రింది పొరుగువారు

చేపను తినువాడు చేప కొరకు దుఃఖింపవచ్చునా? ఈ ప్రశ్న కొందరికి వేళాకోళముగా తోచవచ్చును. ఆదివారము మధ్యాహ్నము మన యిండ్లలో చింతపండు పులుసులో ఉడుకుచున్న కొర్రమీను వాసన వీధి మలుపు వరకు వచ్చుచుండగా, ఆ చేపజాతికి వచ్చిన కష్టమును గూర్చి వ్యాసము వ్రాయుట కపటమని వారందురు. నేనును చేపను తినువాడనే. ఈ సంగతి మొదటనే ఒప్పుకొనుచున్నాను. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఎందుకనగా నేను తిన్న చేప మాత్రమే కాదు, నేను చదివిన చదువు కూడ ఒక సరస్సునుండి వచ్చినది. ఆ లెక్క నేనింకను తీర్చలేదు. ప్రియ చదువరీ, మీరును కొంతసేపు నాతో కూడ ఆ లెక్క చూడవలెనని కోరుచున్నాను.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, ఏలూరునకు దక్షిణముగా కొల్లేరు సరస్సు ఉన్నది. మన దేశములోని పెద్ద మంచినీటి సరస్సులలో అది యొకటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులును, ఎన్నో మురుగు కాలువలును దానిలో పడును. దానినుండి ఉప్పుటేరు ఒక్కటే బయలుదేరి, వంకరలు తిరుగుచు పోయి బంగాళాఖాతములో కలియును. కొల్లేరు లోతైన సరస్సు కాదు. వానకాలమున చాప పరచినట్లు విస్తరించును, వేసవిలో ముడుచుకొనును. వరద వచ్చినప్పుడు ఆ నీటినంతయు తన యొడిలో నిలుపుకొని, మెల్లగా సముద్రమునకు విడుచుట దాని పని. ఈ పని చేయుటకు దానికి చోటు కావలెను. చోటు మాటను జ్ఞాపకముంచుకొనుడి. ఈ కథ అంతయు దానిమీదనే నడచును.

ఆ నీటిలో నివసించు వారిని గూర్చి రెండు మాటలు చెప్పనిండు. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరిగె, ఇవి మన తాతలు ఎరిగిన పేర్లు. వీటిలో కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక పైకి వచ్చి గాలిని పీల్చుకొనగల చేపలు. వేసవిలో నీరు తగ్గి మురిగినప్పుడు తక్కిన చేపలు చచ్చినను ఇవి బురదలో ఓపిక పట్టి బ్రదుకును. తొలకరి పడి ఏరులు పొంగగానే అనేక జాతుల చేపలు ఏటికి ఎదురీది, మునిగిన పొలములలోనికిని, కిక్కిస గడ్డి మొదళ్లలోనికిని పోయి గ్రుడ్లు పెట్టును. గడ్డి నీడలో పిల్లలు పెరుగును. నీరు తీయునప్పుడు పిల్లలతో కూడ సరస్సునకు తిరిగి వచ్చును. కావున పడమటి ఏరును, మునిగిన పొలమును, గట్టు ప్రక్కనున్న గడ్డిని కలుపుకొన్నప్పుడే చేపకు సరస్సు సంపూర్ణమగును. వీటిలో ఏ యొక్కదానికి దారి మూసినను ఆ సంవత్సరపు సంతానము పోవును.

కొర్రమీను సంగతి మరింత విశేషమైనది. అది గ్రుడ్లు పెట్టిన చోటును కాచుకొని యుండును. పిల్లలు పొదిగిన తరువాత నీటిపై ఎర్రని మబ్బువలె గుంపుగా తిరుగును. ఆ మబ్బు క్రిందనే పెద్దచేప కావలి కాయుచుండును. కప్పయైనను, పామైనను, మరియొక చేపయైనను దగ్గరకు వచ్చిన యెడల ఎగిరి తరుమును. చేపలు పట్టువారందరును ఈ సంగతి ఎరుగుదురు. ఎర్రని మబ్బు కనబడిన చోట బల్లెము వేసిన యెడల పెద్దచేప దొరకుట నిశ్చయము. ఆ ప్రేమయే దానిని పట్టియిచ్చును. తరువాత ఆ పిల్లలను ఒక్క పూటలో ఇతర చేపలు తినివేయును. పక్షి గూడు కనబడినప్పుడు పిల్లలను తీసికొన్నను తల్లిని విడిచిపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. ఆ ఆజ్ఞ ఆహారమును నిషేధింపలేదు. ఆకలిగొన్నవానిని నిందింపలేదు. తినుటకును తుడిచిపెట్టుటకును నడుమ ఒక గీత గీసినది. మొదట మనమడిగిన ప్రశ్నకు జవాబు ఆ గీత దగ్గరనే దొరకునని నా యభిప్రాయము. చెట్టు పండు తినువాడు చెట్టు కొరకు దుఃఖింపవచ్చును. దుఃఖింపవలసినవాడు మొదట అతడే.

ఇప్పుడు ఆ చేపలకు వచ్చిన కష్టములు చూతము. అవి ఒక్కటిగా రాలేదు.

మొదటిది చోటు పోవుట. సరస్సులో గట్లు వేసి చేపల చెరువులు త్రవ్విరి. గట్టునకు లోపలనున్న నీరు ఒకరి సొత్తాయెను. వెలుపలనున్న నీటికి దారి తప్పెను. ఏటికి ఎదురీదవలసిన చేప గట్టునకు తలను కొట్టుకొని తిరిగి వచ్చెను.

రెండవది మురికి. పట్టణముల మురుగును, ఫ్యాక్టరీల నీళ్లును, వరిపొలములనుండి కొట్టుకొనివచ్చు ఎరువులును పురుగుమందులును ఏరుల వెంట సరస్సునకే చేరును. చేపల చెరువులలో వేయు కోళ్లపెంటయు, ఎరువులును, మిగిలిన మేతయు కూడ ఆ నీటితో బయటికి వచ్చును. ఎరువు పొలములో పైరును పెంచినట్లే నీటిలో నాచును పెంచును. పగలు ఆ నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి అదియే దానిని పీల్చుకొనును. చచ్చి కుళ్లునప్పుడు మిగిలిన కొంచెమును కూడ హరించును. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరచుకొని నీటిపైకి వచ్చుట మీలో కొందరు చూచియుందురు. అవి ఆడుకొనుట లేదు, ఊపిరికై కొట్టుకొనుచున్నవి.

మూడవది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్క అందమైన ఊదాపూవు కలది. పూవు కొరకే దానిని దేశదేశములకు తీసికొనిపోయిరి. ఎరువు కలిసిన నీటిలో అది ఎంత వేగముగా ప్రాకుననగా, కొద్ది కాలములోనే నీరు కనబడకుండ పోవును. దాని క్రింద వెలుతురు లేదు, గాలి లేదు.

నాల్గవది ఉప్పు. సరస్సులో మంచినీరు తగ్గి మట్టము పడిపోయినప్పుడు, సముద్రపు పోటునీరు ఉప్పుటేరు వెంట వెనుకకు ప్రాకి వచ్చును. పంపవలసిన దారినే శత్రువు లోపలికి వచ్చినట్లు.

ఐదవది క్రొత్త చేపలు. 1952లో మన దేశమునకు తిలాపియా అను ఆఫ్రికా చేపను తెచ్చిరి. మనవారు దానిని చైనా గొరక అని పిలుచుకొందురు, చైనాతో దానికి చుట్టరికము లేకపోయినను. అది త్వరత్వరగా పిల్లలు పెట్టి స్వదేశపు గొరకకును పరిగెకును మేత లేకుండ చేయును. ఆఫ్రికా మార్పును భారత ప్రభుత్వము నిషేధించినను, కబేళాల వ్యర్థములతో చాటుగా పెంచువారు ఉన్నారు. వరదలో గట్టు తెగినప్పుడు అది బయటపడి, కనబడిన చేపనెల్ల మ్రింగును. గాజు తొట్టెలో ముచ్చటకై పెంచి, పెద్దదైన తరువాత కాలువలో పారవేసిన దక్షిణ అమెరికా చేప యొకటి నేడు ఆంధ్రదేశపు నీళ్లలో దెయ్యపుచేప అను పేరుతో వలలు చింపుచున్నది. దానిని కాలువలో విడిచినవాడు బహుశః జాలిపడియే విడిచియుండును.

ఆరవది వల. తాటి దోనె మీద పోయి విసురువల వేయు కాలములో వల కన్ను పెద్దది, చిన్నచేప జారిపోవును. దోమతెరవంటి వల వచ్చిన తరువాత జారిపోవునది లేదు. రేపటి చేపను నేడే పట్టి, ఎండబెట్టి, కోళ్లమేతకు అమ్మువారు కూడ ఉన్నారు.

ఈ ఆరింటిని వరుసగా చదివినప్పుడు మీకు ఎవరో దుష్టులు జ్ఞాపకము వచ్చి కోపము కలుగవచ్చును. అక్కడనే నేను నా లెక్క చెప్పవలసియున్నది.

నా తల్లి పుట్టినిల్లు కొల్లేటిలోని ఒక లంక గ్రామము. మా చిన్న మామయ్య నాకు ఈత నేర్పినవాడు. 1976, 77 సంవత్సరములలో ప్రభుత్వము లంక గ్రామముల బీదలకు సహకార సంఘములు కట్టించి, సరస్సులో చేపల చెరువులు త్రవ్వుకొనుటకు చోటిచ్చెను. ఆ యుద్దేశము మంచిదని నేనిప్పటికిని చెప్పుదును. వరదకు వరదకు ఇల్లు పోగొట్టుకొను జనులు, తెచ్చిన చేపకు ధర లేక అప్పులలో పుట్టి అప్పులలో చచ్చు జనులు వారు. చెరువులో బొచ్చెయు, శీలావతియు వేసి, తవుడును వేరుసెనగ చెక్కయు మేపిన యెడల ఏటికేడు నిలుకడైన రాబడి వచ్చును. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట డబ్బు గలవారు వచ్చిరి. సంఘపు చెరువులను కౌలుకు తీసికొనిరి. యంత్రములతో గట్లు ఎత్తుచేసి, చెరువు ప్రక్కన చెరువు త్రవ్విరి. మంచులో పెట్టిన చేప లారీలమీద కలకత్తాకును అస్సామునకును పోయెను. సరస్సు యజమానులు తమ వాటాకు కౌలు పుచ్చుకొని, తమ చెరువు గట్టుమీదనే కూలికి పోయిరి.

మా మామయ్యకు అట్టి వాటా యొకటి ఉండెను. నా తండ్రి చనిపోయిన సంవత్సరము నేను కాలేజీలో చేరవలసియుండెను. నా ఫీజు మామయ్య కౌలు డబ్బులోనుండి కట్టెను. మూడు సంవత్సరములు కట్టెను. నేను ఉపాధ్యాయుడనై పట్టణములో స్థిరపడితిని. మంచి పుస్తకములు చదివితిని. సరస్సులు నశించుచున్నవని వానిలో తెలిసికొని నొచ్చుకొంటిని.

1999లో వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద కొల్లేటిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు గీతకు లోపలనున్న 308 చదరపు కిలోమీటర్లు దానిలో చేరెను. 2002లో రామ్సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా దానిని గుర్తించిరి. 2006లో ప్రభుత్వము ఆ గీతకు లోపలనున్న చెరువుల గట్లను వేలాది యెకరములలో కొట్టించెను. పత్రికలో ఆ ఫోటో చూచి నేను సంతోషించితిని. సెలవులలో మామయ్య యింటికి పోయినప్పుడు ఆ సంతోషమును దాచుకొనలేక, మంచి పని జరిగినదంటిని. ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా ఇట్లనెను:

“ఒరే అల్లుడూ, గట్టు కొడితే నీళ్లు ఎక్కడివక్కడికి పోయినాయి. ఆ గట్టు మీద నువ్వు చదువుకున్న చదువు మాత్రం నీ దగ్గరే ఉంది గదా. మరి నువ్వు ఏం వెనక్కిచ్చావు?”

నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికిని పూర్తిగా దొరకలేదు. యంత్రములు తెచ్చినవారు లాభము తీసికొని మరియొక వ్యాపారమునకు పోయిరి. చదువుకొన్న నేను దూరముననుండి నీతి చెప్పుచుంటిని. పశ్చాత్తాపమునకు వెల చెల్లించినవాడు లంకలోని కూలివాడు. పాపములో వాటా కొంచెము, శిక్షలో వాటా ఎక్కువ. చేపకు న్యాయము చేయుదుమని చెప్పి బీదవాని నోటికాడి కూడు తీసివేయుట న్యాయము కాదు. అట్టి న్యాయము నిలువదు కూడ. తరువాతి సంవత్సరములలో అనేక చోట్ల గట్లు మరల లేచుటయే దీనికి సాక్ష్యము. అయినను మామయ్య మాట విన్న తరువాత, కావున గట్లు ఉండనిండు అని చెప్పుటకును నా మనస్సాక్షి ఒప్పుకొనదు. రెండు అన్యాయములు ఒకదానికొకటి సమాధానము కావు.

ఈ సందర్భమున మనము సాధారణముగా చెప్పుకొను సాకులు మూడు ఉన్నవి. వానిని పరీక్షింతము.

మొదటి సాకు: “చేపలు తగ్గినవని ఎవరనిరి? ఇప్పుడే ఎక్కువగా దొరకుచున్నవి కదా.” ఇది అబద్ధము కాదు. లోతట్టు నీళ్ల చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమంతటిలో ముందున్నది. బీదవాడు కూడ చేప కొనుక్కొని తినగలుగుట మేలే. అయితే చేపలు పెరుగుటయు చేపజాతులు పెరుగుటయు ఒక్కటి కాదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు కథ చూడుడి. ఆ సరస్సులో చిన్నచేపలే ఎక్కువయని, వానికి బదులు పెద్దచేప యున్న లాభము వచ్చునని తలంచి 1950ల కాలములో నైలు పెర్చ్ అను వేటచేపను దానిలో విడిచిరి. ముప్పది ఏండ్ల వరకు పెద్దగా ఏమియు జరిగినట్లు కనబడలేదు. 1980లలో అది ఒక్కసారిగా పెరిగిపోయెను. ప్రపంచములో మరెక్కడను లేని చిన్నచేపల జాతులు రమారమి రెండువందలు కనబడకుండ పోయినవి. సరస్సులో పెరిగిన మురికి కూడ దానికి తోడ్పడెను. చేప బరువు లెక్కలో మాత్రము ఆ సరస్సు ఐశ్వర్యవంతమాయెను. ఐరోపాకు ఎగుమతులు సాగెను. ఆ చిన్నచేపలను ఒడ్డుననున్న స్త్రీలు ఎండలో ఎండబెట్టుకొని అమ్ముకొనెడివారు. క్రొవ్వు గల పెద్దచేప ఎండలో ఎండదు, పొగబెట్టవలెను. దానికై చెట్లు కొట్టిరి. అక్కడ కూడ మొదట విడిచినవారు శత్రువులు కారు, మేలుకోరినవారే.

మేలు తలంచిన చేతులనుండి కీడు వచ్చినప్పుడు ఆ తలంపు నిర్దోషమనవచ్చునా? మనస్సులో ద్వేషము లేదు గనుక ద్వేషించిన పాపము లేదు. కాని తెలియని నీటిలో తెలియని చేపను విడుచునప్పుడు, నాకు తెలియదు అను సంగతి వారికి తెలిసియుండవలెను. తెలిసికొనుటకు సిద్ధపడక చేసిన మేలులో ఒక విధమైన గర్వము దాగియున్నది. అది చేతికి చిక్కిన దానిని చక్కదిద్దుట నా హక్కు అనుకొనును. సృష్టి చిత్తరువు వంటిది కాదు, మనము రంగు మార్చి చూచి మరల పాతరంగు వేయుటకు. పోయిన జాతి తిరిగి రాదు.

రెండవ సాకు: “నేనొక్కడను ఏమి చేయగలను?” ఈ మాటను గట్టు వేసినవాడు చెప్పెను, మురుగు విడిచినవాడు చెప్పెను, చిన్నకన్ను వల కొన్నవాడు చెప్పెను, దెయ్యపుచేపను కాలువలో వేసినవాడు చెప్పెను. వారందరు వేరువేరుగా చెప్పిన ఈ ఒక్క మాటలోనే సరస్సు మునిగినది. అందరిదైన సొత్తును పాడుచేయుట కొరకు అందరు చెడ్డవారు కానక్కరలేదు. ప్రతివాడును తనది చాల చిన్నవాటా అనుకొనిన చాలును.

మూడవ సాకు పైకి చెప్పనిది, లోపల ఎక్కువ బలము గలది: “చేపయే కదా!” ఆవు అరచును, కుక్క మూలుగును, పక్షి కూయును. చేప ధ్వని మన చెవికి వినబడదు, దానికి కన్నీరు లేదు, కనురెప్ప కూడ లేదు. అది చచ్చునప్పుడు మనము చూచుట లేదు. కొల్లేటిని చట్టము కాపాడినది కూడ పక్షుల పేరుననే. ఆటపాక దగ్గర చెట్లమీద గూళ్లు కట్టిన పెలికన్ పక్షులను చూచుటకు జనులు పిల్లలను తీసికొని పోవుదురు. అది మంచిదే. ఆ పక్షి దేనిని మ్రింగి బ్రదుకుచున్నదో ఆలోచించువారు తక్కువ. మన జాలి కంటికి కనబడినంత దూరమే పోవును. కనబడని చోట జరుగు దానిని మనము అన్యాయమని లెక్కించము. ఈ బలహీనత చేపల విషయములో మాత్రమే యున్నదా? మన యింటి మురుగు ఎవరి గుమ్మము ముందు ఆగుచున్నది, మన చవుక సరుకు ఎవరి కూలి తగ్గించి వచ్చినది, ఇవి కూడ మన కంటికి కనబడవు. నీటి క్రిందనున్న దానిని తలంచుట నేర్చుకొనిన హృదయము వీరిని కూడ తలంచును. నా పొరుగువాడెవడు అని పూర్వమొకడు అడిగినప్పుడు, ఆ ప్రశ్న అడిగినవాడు ఊహింపని మనుష్యునివైపు చూపబడెను గదా.

చేపను మనుష్యునితో సమానము చేయుచున్నానని తలంపకుడి. ఆదికాండములో మనుష్యుని కంటె ముందు నీటి ప్రాణులకు వృద్ధిపొందుడని దీవెన కలిగినట్లు మనము చదువుచున్నాము. ఆ దీవెన మన కంటె పాతది. మనకు ఏలుబడి ఇయ్యబడినను, ఆ మొదటి దీవెన రద్దు కాలేదు. దానిని రద్దు చేయు ఏలుబడి దోపిడి యగును. గలిలయ సముద్రమని పిలువబడునది కూడ నిజమునకు మంచినీటి సరస్సే. రాత్రియంతయు వల వేసి ఏమియు దొరకక తెల్లవారుజామున వలలు కడుగుకొను జాలరులు మన వేదములోని మొదటి శిష్యులు. ఆ సరస్సులో కూడ చేప తగ్గినందున రెండేండ్లు వేట నిలుపవలెనని 2010లో ఇశ్రాయేలు ప్రభుత్వము తలపెట్టవలసి వచ్చెను. వట్టి వల ఏ దేశములోనైనను ఒక్కటే బరువు.

ఈ సంగతి కొల్లేటితో ముగియదు. లోకములోని నీటినంతయు కొలిచిన యెడల నదులును సరస్సులును నూటికి ఒక పాలు కంటె ఎంతో తక్కువ. అయినను చేపజాతులలో సగము వానిలోనే నివసించును. 2023లో ప్రకృతి సంరక్షణకై పనిచేయు అంతర్జాతీయ సంఘము, తాను పరీక్షించిన మంచినీటి చేపజాతులలో నాల్గవ వంతు అంతరించు ప్రమాదములో ఉన్నవని ప్రకటించెను. చేపకు చోటు లేని చోట మనకును చోటు లేదని 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రజలు నేర్చుకొనిరి. బుడమేరు గట్లు తెగి పేటలు పేటలుగా మునిగినప్పుడు, ఆ నీరు చివరకు పోయి నిలువవలసిన చోటు కొల్లేరే.

అయితే ఏమి చేయవలెను? మామయ్య అడిగినదానికి నాకు దొరకినంత జవాబు ఇది. తొలకరి నాళ్లలో గ్రుడ్లతో నిండిన చేపను కొనకుడి. ధర తక్కువైనను కొనకుడి. మనము కొననిదానిని ఎవడును పట్టడు. తొట్టెలో పెంచిన పరదేశపు చేపను జాలిపేరిట కాలువలో విడువకుడి. మీ ఊరి చెరువులో పూర్వము ఏ చేపలు ఉండెడివో పెద్దలనడిగి, ఆ పేర్లు పిల్లలకు నేర్పుడి. పేరు తెలియని దాని కొరకు ఎవరును ఏడువరు. మీ పట్టణపు మురుగు ఏ యేటిలో పడుచున్నదో తెలిసికొని, శుద్ధిచేసి విడువవలెనని పురపాలక సంఘమును అడుగుడి, ఒకసారి కాక అనేకసార్లు అడుగుడి. సరస్సు గట్లు తీసివేయవలెనని చెప్పువారలారా, ఆ గట్టుమీద కూలి చేయువాని మారుబ్రదుకు కూడ అదే వాక్యములో చెప్పుడి. అది చెప్పలేని యెడల మొదటిది చెప్పుటకు మనకు హక్కు లేదు. నా మట్టుకు నేను, మామయ్య కట్టిన ఫీజును లెక్కించి, ఆ లంక గ్రామములోని యిద్దరు పిల్లల చదువునకు ఏటేట కొంత పంపుచున్నాను. దానితో సరస్సు బాగుపడదని నేనెరుగుదును. కాని ఆ పిల్లలకు గట్టుమీది కూలి ఒక్కటే దారి కాకుండ పోవును.

గడచిన సంవత్సరము వానలు పడిన తరువాత మామయ్యతో కూడ దోనెలో పోయితిని. ఆయనకు వయస్సు మీరినది, చేతులు మాత్రము ఇంకను గట్టివి. ఒక మురుగు కాలువ మొగలో, కిక్కిస ప్రక్కన నీటిమీద ఎర్రని మబ్బు కదలుచుండెను. కొర్రమీను పిల్లలు. ఆయన చెయ్యి అలవాటు చొప్పున బల్లెము దగ్గరకు పోయెను. బజారులో ఆ చేప ధర ఎంతో మా యిద్దరికిని తెలియును. ఆయన నావైపు చూచెను. నేను ఏమియు చెప్పలేదు. చెప్పుటకు నాకు అధికారము లేదని తోచెను.

“నీ కోసం కాదులే,” అని ఆయన బల్లెమును దోనె అడుగున పెట్టెను. “దీనికీ ఓ ఊరు కావాలి గదా.”

దోనెను ప్రక్కకు త్రిప్పి, మబ్బు చెదరకుండ మెల్లగా గడ వేసికొని పోయితిమి. ఆ రాత్రి ఇంట పప్పుపులుసు తింటిమి.